మామ్మగారు తాగని టీ



ఈ వారం టీ గురించి రాస్తున్నాం. వాక్యం రాయాల్సిన చోట టీ ఏమిటని అనుకోకండి. చివరిదాకా చదవండి. ఇందులో మేము ఒప్పుకోవలసిన తప్పు ఒకటుంది. అది మందిరంలో అందరి ముందూ చేసిన తప్పు కనుక, అందరి ముందే ఒప్పుకోవాలి.

మన పెదపాడు చుట్టుపక్కల కొండ అన్నది లేదని మీకు తెలుసు. కాలువ గట్టు ఎక్కితే అదే మనకు ఎత్తు. ఇటు వరిచేలు, అటు చేపల చెరువులు, ఇంకా కిందికి దిగితే కొల్లేరు. టీ చెట్టు మన నేలలో పుట్టదు, మన తాతలు దాన్ని చూసి ఎరగరు. అయినా టీ లేకుండా మనకు తెల్లవారదు. నాట్లకు వెళ్ళే అక్కలకు, చెరువు గట్టున రాత్రి కాపలా ఉండే అన్నలకు, ఏలూరు బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు అందరికీ టీయే. ఆదివారం ఆరాధన అయ్యాక మన మందిరం వెనక పెద్ద డేక్షాలో అల్లం దంచి వేసి కాచే టీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రసంగం కాస్త పొడుగైతే ఆ వాసనకే వెనక వరసలు కదులుతుంటాయి.

ఆ టీని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తాగని మనిషి మన సంఘంలో ఒకరే ఉన్నారు. పేరు రాయం. మీరంతా మామ్మగారూ అని పిలిచే ఆవిడే. ఎనభై దాటాయి. తెల్లచీర, చేతికర్ర, కుడివైపు మూడో వరసలో గోడ పక్క చాప. ఉపవాస ప్రార్థనకు అందరికంటే ముందు వచ్చేది ఆవిడే. టీ గ్లాసు చేతికిస్తే మాత్రం, "నాకొద్దు తల్లీ" అని పక్కవారికి అందిస్తారు. ఎందుకని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

అడగకపోగా నవ్వించాం. కొన్నేళ్ళ కిందట ఒక ఆదివారం దానియేలు గ్రంథం నుంచి చెబుతూ, రాజు భోజనం వద్దన్న ఆ యౌవనస్థుల తీర్మానం గురించి మాట్లాడుతున్నాం. మాట మధ్యలో, "మన మామ్మగారు కూడా దానియేలు లాంటివారే, కాకపోతే ఈవిడ మానేసింది టీ. పరలోకంలో ఈవిడకు విడిగా మజ్జిగ పెట్టించాలి" అన్నాం. మందిరమంతా నవ్వింది. ఆవిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకున్నారు. ఆవిడా నవ్వుతున్నారనే అనుకున్నాం. తర్వాత చాలాకాలం ఆ మాట గుర్తు కూడా రాలేదు. నోరు జారినవాడు మరిచిపోతాడు, దెబ్బ తిన్నవాడు మరిచిపోడు.

మొన్న మన సంఘపు బిడ్డ ఒకడు సెలవు మీద వచ్చాడు. సైన్యంలో పనిచేస్తున్నాడు, పోస్టింగు ఎగువ అస్సాంలో. వస్తూ వస్తూ మాకొక వెదురు గొట్టం తెచ్చాడు. జానెడు పొడవుంది, పొగచూరి నల్లగా ఉంది. "టీ అయ్యగారూ. అక్కడి సింగ్ఫో అనే గిరిజనులు చేస్తారు. తోటల్లో పెరిగేది కాదు, పెద్ద చెట్ల ఆకు" అన్నాడు. మేము నమ్మలేదు. టీ అంటే నడుం ఎత్తు పొద కదా, ఫొటోల్లో ఎన్నిసార్లు చూశాం! అప్పుడతను విడమరిచి చెప్పాడు. తర్వాత మేమూ కొంత చదివి తెలుసుకున్నాం. మీకూ చెబుతాం, మనం రోజూ తాగేదాని సంగతి మనకు తెలియాలి కదా.

టీ స్వభావానికి పొద కాదు, చెట్టు. కత్తిరించకుండా వదిలేస్తే అస్సాం రకం టీ మొక్క మన తాటాకు ఇళ్ళను దాటి పైకి పోతుంది. తోటల్లో దాన్ని పదే పదే కత్తిరించి, కోసేవారి చేతికి అందేలా నడుం ఎత్తులో బల్లలాగా పరిచి ఉంచుతారు. చైనా దేశపు యునాన్ రాష్ట్రంలో జింగ్మై అనే కొండ ఉంది. అక్కడి బ్లాంగ్, దై ప్రజలు సుమారు వెయ్యేళ్ళుగా అడవి చెట్ల నీడలోనే టీ చెట్లను పెంచుకుంటూ వచ్చారు. పైన అడవి, మధ్యలో టీ, కింద చిన్న మొక్కలు. అడవిని కొట్టి తోట వేయలేదు, అడవిలోనే తోటను ఒదిగించారు. 2023లో యునెస్కో ఆ టీ అడవులను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మన దేశంలో సింగ్ఫోలు కూడా అలాగే ఎంతోకాలంగా అడవి టీ ఆకు కోసుకుని తాగేవారు. ఆకును పెనం మీద వేయించి, ఎండబెట్టి, వెదురు గొట్టంలో కూరి, పొయ్యి పైన పొగకు ఉంచుతారు. గట్టిపడ్డాక చాకుతో ముక్క కోసి వేడినీళ్ళలో వేస్తారు. పాలుండవు, చక్కెర ఉండదు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లాండు దేశస్థుడికి బీసా గామ్ అనే సింగ్ఫో నాయకుడు ఈ మొక్కను చూపించాడు. తెల్లదొరలు వెంటనే నమ్మలేదు. అడవి మొక్క నాసిరకమని, చైనా నుంచి విత్తనాలు తెప్పించి నాటారు. చివరికి అస్సాం నేలలో బాగా నిలిచింది ఆ అడవి మొక్కే. ఇల్లు కట్టేవారు పక్కన పారేసిన రాయి సంగతి మనకు తెలిసిందే కదా. 1838లో మొదటి అస్సాం టీ పెట్టెలు లండనుకు బయలుదేరాయి. మరుసటి ఏడే కంపెనీ పుట్టింది. తర్వాత అడవులు పోయాయి, తోటలు వచ్చాయి.

ఈ కథంతా వింటూ మేము మురిసిపోయాం. ఆ ఆదివారం సంస్కారపు ఆరాధన. ఆరాధన అయ్యాక ఆ వెదురు టీని కొంచెం కొంచెంగా అందరికీ రుచి చూపిద్దామని అమ్మగారు ఒక గిన్నెలో కాచారు. మొహాలు చూడాలి! "కషాయంలా ఉందండీ", "పొగ వాసనండీ", "పాలు పోయకూడదా అమ్మగారూ" అని ఒకటే గోల. మేము గొట్టాన్ని పైకెత్తి చూపిస్తూ, "ఇది అస్సాం నుంచి వచ్చింది" అని చెబుతున్నాం.

గోడ పక్క చాప మీంచి మామ్మగారు కర్ర ఊతంతో లేచారు.

"ఏ ఊరన్నారు అయ్యగారూ?"

"అస్సాం, మామ్మగారూ."

ఆవిడ చెయ్యి చాచారు. గొట్టం ఇచ్చాం. కాసేపు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వాసన చూసి, ఆ జవాను బిడ్డను అడిగారు: "బాబూ, ఈ ఆకు కోసినోళ్ళు మనోళ్ళా?"

ఆ అబ్బాయికి ప్రశ్న అర్థం కాలేదు. మాకూ అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. అరవై ఏళ్ళుగా మన మధ్య ఉన్న మనిషి, మనకెవరికీ చెప్పని మాట.

మామ్మగారు పుట్టింది పార్వతీపురం అవతల ఒక పల్లెలో. భర్తకు ఏలూరు జనపనార మిల్లులో పని దొరికి ఇటు వచ్చారు. ఆవిడ అమ్మమ్మకు ఒక అన్న ఉండేవాడట. కరువు రోజుల్లో ఊళ్ళోకి ఒక సర్దారు వచ్చి, టీ తోటల్లో పని, తిండికి లోటు లేదు, మూడేళ్ళలో డబ్బు మూట కట్టుకుని రావచ్చు అన్నాడట. కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, చేతిలో బయానా పెట్టాడట. "అలా రైలెక్కి ఎల్లిపోనాడు. మరి తిరిగి రానేదు. ఉత్తరం ముక్క లేదు. ఉన్నాడో పోయాడో తెలీదు" అన్నారు మామ్మగారు. "మా అమ్మమ్మ ఒట్టు పెట్టుకుంది, నా అన్న చేతులు కోసిన ఆకు నా గొంతులో దిగదని. మా అమ్మ తాగలేదు. నేనూ తాగలేదు. అంతే అయ్యగారూ. భక్తీ కాదు, గర్వమూ కాదు."

గ్లాసులు పట్టుకున్న మనమంతా అలాగే నిలబడిపోయాం. ఆ రోజు అక్కడున్నవారికి గుర్తుండే ఉంటుంది.

ఆవిడ చెప్పింది ఒక్క ఇంటి కథ కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మన తెలుగువాళ్ళను, ఒడియావాళ్ళను, ఆదివాసులను వేలమందిని అస్సాం తోటలకు తీసుకుపోయారు. 1859 నాటి చట్టం ఒకటి ఉండేది. బయానా తీసుకున్న కూలీ ఒప్పందం మధ్యలో పని మానేస్తే అది నేరం, జైలుకు పంపవచ్చు. ఆ చట్టం 1920లలో గాని పోలేదు. తోటల్లో కూలి లైన్లు, పైన సర్దారు, ఆ పైన దొర. తిరిగి వచ్చే దారిఖర్చుకు చేతిలో డబ్బుండదు. ఈ రోజుకీ అస్సాం తోటల్లో తెలుగు మూలాలున్న కుటుంబాలు ఉన్నాయి. మామ్మగారి బంధువులు వారిలో ఉన్నారేమో దేవుడికే ఎరుక.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. రెండవ సమూయేలు 23వ అధ్యాయం తెరిచాం. ఎన్నోసార్లు బోధించిన భాగమే. దావీదు దాక్కుని ఉన్నాడు, బేత్లెహేము శత్రువుల చేతిలో ఉంది. దప్పికై, ఊరి గవిని దగ్గరి బావి నీళ్ళు గుర్తొచ్చి, ఎవరైనా తెచ్చిస్తే బాగుండునన్నాడు. ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండు చీల్చుకుని వెళ్ళి, నీళ్ళు తోడి తెచ్చారు. దావీదు తాగలేదు. ప్రాణాలకు తెగించి తెచ్చిన ఆ నీళ్ళు అతని కంటికి ఆ మనుషుల రక్తంలా కనబడ్డాయి. దేవుని సన్నిధిలో పారబోశాడు. మేము ఈ భాగం చెప్పినప్పుడల్లా ఆ ముగ్గురి ధైర్యాన్నే పొగిడాం. తాగకుండా ఉండటం ఎంత పెద్ద ఆరాధనో మాకు తట్టలేదు. దావీదు ఒక్కసారి పారబోశాడు. మన మామ్మగారి ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు, బైబిలు చేతికి రాకముందు నుంచే, వందేళ్ళుగా ప్రతి ఉదయం పారబోస్తూనే ఉన్నారు. దాన్ని మేము పులిపీట మీద నిలబడి హాస్యం చేశాం.

రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలుగారు తినేవారికీ తినని వారికీ మధ్య తగవు తీర్చారు. తినేవాడు తిననివాణ్ణి చిన్నచూపు చూడకూడదని ఆయన చెప్పిన మాట మేము చదవనిది కాదు. చదివిన మాటే మమ్మల్ని పట్టుకుంది. మరుసటి ఉదయం ఇద్దరం మామ్మగారి ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాం. ఆవిడ, "అయ్యో, ఎప్పటి మాట బాబూ" అన్నారు. ఎప్పటిదో ఆవిడకు బాగా గుర్తుంది. అది చెరువులు తెగిన ఏడాది అని కూడా చెప్పారు.

ఇంకొక సంగతి కూడా మా మనసులో తిరుగుతోంది. యోహాను సువార్త 15వ అధ్యాయం చెప్పేటప్పుడు కొమ్మలు కత్తిరించడం గురించి చెబుతాం. తండ్రి కత్తిరిస్తే ఫలం పెరగడానికి. నిజమే. కానీ టీ తోటలో ఇంకో రకం కత్తిరింపు ఉంది. అది చెట్టు కోసం కాదు, కోసేవాడి చేతికి అందడం కోసం. ఆ కత్తెర ఆగనంతకాలం చెట్టు తన ఎత్తు తాను ఎరగకుండానే బతికేస్తుంది. కాపరులమైన మేము సంఘాన్ని ఎలా కత్తిరించాం? అందరూ ఒకేలా పాడాలి, ఒకేలా ప్రార్థించాలి, పెట్టింది తాగాలి, అడగకూడదు. కాస్త వేరుగా ఉన్నవారి మీద ఒక హాస్యపు మాట విసిరితే చాలు, వాళ్ళు తల వంచుకుంటారు. మా చేతికి అందే ఎత్తులో ఉంటారు. ఇది తండ్రి కత్తెర కాదు, మాది.

వేరు సంగతీ అంతే. విత్తనం నుంచి పుట్టిన టీ చెట్టుకు తల్లివేరు లోతుకు దిగుతుంది. కొమ్మ ముక్కలు పాతి పెంచిన మొక్కకు ఆ తల్లివేరు ఉండదు. పైకి రెండూ పచ్చగానే కనబడతాయి, ఎండ ముదిరినప్పుడే తేడా తెలుస్తుంది. మామ్మగారికి లోతు ఉంది. అది మాకు కనబడలేదు, ఎందుకంటే మేము ఆకులనే లెక్కపెట్టాం.

ఈ మాట ఇక్కడితో ముగిస్తే అందంగానే ఉండేది. కానీ అదే వారం ఇంకొకటి జరిగింది.

మన సంఘంలో ఒక చెల్లెమ్మ గల్ఫు ప్రయాణం కోసం ప్రార్థన చేయించుకోవడానికి పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంటిపని, మంచి జీతం. చెరువు లీజు మీద తండ్రి చేసిన అప్పు తీరాలి, తమ్ముడి చదువు సాగాలి. ప్రభువు తెరిచిన ద్వారమని మేము అంతకుముందే ఒకసారి స్తుతి చెల్లించాం కూడా. మామ్మగారు ఆ రోజు అక్కడే ఉన్నారు. ఆ అమ్మాయిని దగ్గరకు పిలిచి ఒకే మాట అడిగారు: "కాయితంలో ఏముందో చదివావా తల్లీ?"

చదవలేదు. కాగితమే లేదు. ఏజెంటు ముందు విజిటింగు వీసా మీద వెళ్ళాలని, అక్కడికి వెళ్ళాక మార్పిస్తామని చెప్పాడట. కొంత డబ్బు అప్పటికే ఇచ్చారు. ఆ అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు, పది పాసవలేదు. మేము అప్పుడు తెలిసినవారిని అడిగి తెలుసుకున్న విషయాలు మీ అందరికీ పనికొస్తాయి కనుక రాస్తున్నాం. 1983 నాటి వలసల చట్టం ప్రకారం పనికి విదేశాలకు పంపే ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ నంబరు నిజమో కాదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. పది పాసు కానివారి పాస్‌పోర్టు మీద, గల్ఫు లాంటి దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. అలాంటి పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి ముప్ఫై ఏళ్ళు నిండకపోతే ఇంటిపనికి ఆ అనుమతి ఇవ్వరు. అందుకే విజిటింగు వీసా అంటారు. అలా వెళితే పని ఒప్పందం ఉండదు, అక్కడ కష్టం వస్తే చూపించడానికి చేతిలో ఏ కాగితమూ ఉండదు.

ఆ ఏజెంటును లైసెన్సు నంబరు అడిగాం. ముందు రేపు అన్నాడు, తర్వాత ఫోనెత్తలేదు. నలుగురం వెళ్ళి కూర్చుంటే పాస్‌పోర్టు తిరిగిచ్చాడు. డబ్బు ఇవ్వలేదు. ఆ ఇంటి అప్పు అలాగే ఉంది, ఇచ్చిన డబ్బుతో కలిపి ఇంకాస్త పెరిగింది కూడా. దేవుడు కాపాడాడని మేము అంటే, "అప్పు ఎవరు తీరుస్తారు అయ్యగారూ" అని వాళ్ళ అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఆశీర్వచనంతో తీరే ప్రశ్న కాదు. ఆ కుటుంబం కోసం స్త్రీల కూడికలో కానుక పెట్టె విడిగా పెట్టాం. ఆ చెల్లెమ్మ ఏలూరులో ఒక కుట్టు దుకాణంలో చేరింది. జీతం గల్ఫు జీతంలో నాలుగో వంతు కూడా లేదు. ఆ సంగతి దాచిపెట్టి సాక్ష్యం రాయడం మాకు ఇష్టం లేదు.

గల్ఫులో ఉండి ఇది చదువుతున్న అక్కచెల్లెళ్ళారా, మీరు వెళ్ళడం తప్పని మేము అనడం లేదు. మీ చెమటతో ఇక్కడ ఇళ్ళు నిలిచాయి, మన మందిరం పైకప్పులో మీ కానుకలు ఉన్నాయి. మీ సంఘంగా మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాం. నెలకొక్కసారైనా మీ గొంతు వినిపించండి. వినిపించకపోతే వెతికే బాధ్యత మాది. ఉత్తరం రాకపోతే వందేళ్ళు ఒట్టు పెట్టుకుని ఎదురుచూడటం తప్ప ఆ అమ్మమ్మకు వేరే దారి లేకపోయింది. మనకు దారి ఉంది. వెళ్ళబోయేవారు ఎవరైనా సరే, ఇకమీదట ముందు కాగితం తేవాలి, సంఘంలో చదివి అర్థం చేసుకోవాలి, ఆ తర్వాతే ప్రార్థన. చదవని కాగితం మీద మేము చెయ్యి పెట్టం.

ఆ వెదురు టీ సంగతి చెప్పి ముగిస్తాం. ఆ రోజు మామ్మగారి ప్రశ్నకు జవాను బిడ్డ చివరికి జవాబు చెప్పాడు. "లేదు మామ్మా, ఇది తోట ఆకు కాదు. వాళ్ళ చెట్లు, వాళ్ళే ఎక్కి కోసుకుంటారు. ఎవరూ ఎవరినీ తెచ్చి కోయించలేదు" అన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి అమ్మగారిని ఒక చిన్న గ్లాసులో పోయమన్నారు. అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఒక్క గుక్క తాగారు. ముఖం ముడుచుకున్నారు.

"చేదు," అన్నారు. "మా అమ్మ ఎప్పుడూ అనేది, టీ చేదుగా ఉంటుందని. పిచ్చిది, తాగకుండానే చెప్పింది."

గ్లాసు తిరిగిచ్చేశారు. తర్వాతి ఆదివారం మన అల్లం టీ ఇస్తే మళ్ళీ "నాకొద్దు తల్లీ" అన్నారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. డేక్షా పక్కనే ఆవిడ కోసం ఒక చెంబులో మజ్జిగ పెడుతున్నారు మన ఆడబిడ్డలు. మేము హాస్యానికి అన్న మజ్జిగే. పరలోకం దాకా ఆగకుండా ఇక్కడే పెడుతున్నారు.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, మా గ్లాసులోకి వచ్చేదాని వెనక ఎవరి చేతులు ఉన్నాయో గుర్తుచేయుము. వెళ్ళి తిరిగిరాని వారిని నీవు ఎరుగుదువు, వారి పేర్లు నీకు తెలియును. దూరాన ఉన్న మా బిడ్డలను కాపాడుము. అప్పుల్లో ఉన్న ఆ ఇంటిని మరువకుము, మమ్మును మరువనియ్యకుము. కాపరులమైన మా నోటికి కాపు ఉంచుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.